మూడంగుళాలు తగ్గిన కూపే

మా ఆయిల్‌డేల్‌లో పాత కూపే కారు కప్పుని మోసే పిల్లర్ల మీద ఎవరైనా టేపు అంటించారంటే దానికి ఒకటే అర్థం. కప్పు కొయ్యబోతున్నారు. పై టేపు దగ్గర ఒక కోత, కింది టేపు దగ్గర ఒక కోత, మధ్య ముక్క తీసేసి కప్పుని కిందికి దించి అతికించడం. అప్పుడు కారు కళ్ళు చికిలించి చూస్తున్నట్టు ఉంటుంది. ఇంటి కప్పు వానకి కారుతున్నా పట్టించుకోని మగవాళ్ళు, కారు కప్పు దగ్గరికి వచ్చేసరికి పావంగుళం కోసం వారం రోజులు వాదించుకుంటారు.

కాబట్టి మా నాన్న కూపేకి టేపు కనిపించినప్పుడు నేనూ, మా ఆయన ఎలాడియో ఏమనుకున్నామో, ఈ ఊళ్ళో ఎవరైనా అదే అనుకుంటారు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్నెవరూ ఆడిపోసుకోకుండా.

మా నాన్న పేరు ఆర్వెల్. మీసాలు సరిగా రాని వయసులో చమురు బావుల దగ్గర కూలి చేసి ఆ బండి కొన్నాడు. పందొమ్మిది వందల ముప్ఫై రెండో సంవత్సరపు ఫోర్డ్ కూపే, ఇద్దరు కూర్చునేది. మడ్‌గార్డులు పీకేశాడు. బానెట్ పక్క రేకులు విప్పేశాడు. ఇంజను మీద ఒకటి ఉండాల్సిన చోట మూడు కార్బ్యురేటర్లు బిగించాడు. ఆయన నియమం ఒకటే: తన పెళ్ళినాటికి లోకంలో లేని సామాను ఏదీ ఆ బండిలోకి రాకూడదు. సీడీ ప్లేయరు లేదు, ఏసీ లేదు, బేకర్స్‌ఫీల్డ్ ఎండకి లోపల కూర్చుంటే ఒళ్ళు ఉడుకుతుంది. "ఆ లెక్కన నువ్వూ నా బండి ముట్టుకోకూడదు అల్లుడూ. కానీ నీ చేతిపని మా కాలం నాటిది కాబట్టి పోనీలే అని రానిస్తున్నా" అని ఎలాడియోని ఏడిపించేవాడు. మా ఆయనది టింకరింగ్ పని. సొట్ట రేకుని సుత్తితో కొట్టి, సీసం కరిగించి నున్న చేస్తాడు. నాది సీట్లు కుట్టే పని. ఇద్దరిదీ ఒకటే షెడ్డు, రోజూ ఒకటే గొడవ.

ఇన్ని చేసిన నాన్న కప్పు జోలికి మాత్రం పోలేదు. అరవై ఏళ్ళుగా ఆ కూపే కప్పు ఫ్యాక్టరీలో పెట్టిన ఎత్తులోనే ఉంది. పాత కార్ల క్లబ్బులో ముసలాళ్ళు వదిలేవారా? "ఏం ఆర్వెల్, చర్చిలోకి వెళ్ళేటప్పుడైనా దాని టోపీ తియ్యవా?" అనేవాళ్ళు. నాన్న నవ్వి, "టైం రావాలి" అనేవాడు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి అదే జవాబు.

ఈ వసంతంలో నాన్న షెడ్డులో తను ఒలికించిన నూనె మీదే కాలు జారి పడ్డాడు. ఎడమ తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. తరువాత నడక నేర్పే చోట చేర్చారు. అక్కడే మనిషి డీలా పడిపోయాడు. వాకర్ పట్టుకోమంటే మొహం గోడకి తిప్పుకునేవాడు. "క్లచ్చు తొక్కలేని కాలు ఎందుకే నాకు? ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నాడొక రోజు. బండి ఇచ్చెయ్యమన్నాడంటే, మా నాన్న ఇంక లేవదలుచుకోలేదన్న మాటే.

ఆ సాయంత్రమే ఎలాడియో, నేనూ నాన్న షెడ్డు తాళం తీశాం. ప్రతి పిల్లరు మీదా రెండేసి టేపు ముక్కలు, తిన్నగా, కొత్తగా. ఎలాడియో కొలబద్ద పెట్టి చూసి ఈల వేశాడు.

"మూడంగుళాలు! చూశావా ట్వైలా? నాలుగైతే ఎక్కువ, రెండైతే కొయ్యనట్టే. మీ నాన్నది కన్ను కాదు, కొలబద్ద."

"ఇన్నేళ్ళకి టైం వచ్చిందన్న మాట" అన్నాను.

"వచ్చింది, ఈలోపల పడ్డాడు పాపం." కాసేపు బండి చుట్టూ తిరిగి నా వైపు చూశాడు. "ఆయన వచ్చేసరికి మనం చేసి పెడితే?"

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అరవై ఏళ్ళ కోరిక తలుపు తియ్యగానే ఎదురుగా కనిపిస్తే, ఏ మనిషైనా క్లచ్చు తొక్కడానికి లేచి నిలబడడా?

శనివారం మొదలుపెట్టాం. అమ్మ పొద్దున్నే నాన్న దగ్గరికి వెళ్ళింది, సాయంత్రం దాకా రాదు. బండి ఒళ్ళు అటూ ఇటూ కదలకుండా లోపల ఇనప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేశాడు ఎలాడియో. తలుపులు విప్పాం, అద్దాలు తీశాం. కొయ్యబోయేముందు శిలువ గుర్తు వేసుకున్నాడు. రంపం మొదటి పిల్లరులో దిగుతుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. మధ్యాహ్నానికి కప్పు ఊడి గడ్డిలో వెల్లకిలా పడుంది.

సరిగ్గా అప్పుడు అమ్మ వచ్చింది. నాన్నకి మాసిపోయిన పైజామాల బదులు వేరేవి తీసుకెళ్దామని వచ్చిందట. మా అమ్మ ఓలీటా ఒకప్పుడు మంచి పొడగరి. ఇప్పుడు వెన్ను వంగి, నా భుజం దాకా వస్తుంది. గడ్డిలో కప్పుని చూసింది, కప్పు లేని బండిని చూసింది.

"ఎవరు కొయ్యమన్నారు?"

"నాన్నే అమ్మా. టేపు వేసి పెట్టాడుగా."

అమ్మ చేతిసంచి నేల మీద పెట్టి పాల డబ్బాల పెట్టె మీద కూర్చుంది. "ఆ టేపు కప్పు కోసం కాదే పిచ్చిమొహమా. నా కోసం."

ఎలాడియో చేతిలో గ్యాసు మంట బుస్సుమంటూనే ఉంది. ఆర్పడం కూడా మర్చిపోయాడు.

అమ్మ వంగి, కుడి పక్క పిల్లరులోంచి తీసిన మూడంగుళాల ముక్క ఏరింది. పై చివరనున్న టేపు గోటితో ఒలిచింది. కింద, పాత రంగు మీద, ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది.

"ఇది నా గోళ్ళరంగు. పెళ్ళికి ముందు మీ నాన్న కప్పు కోస్తానని కూర్చున్నాడు. అప్పుడు నా జుట్టు చూడాల్సింది, జానెడు ఎత్తు లేపి దువ్వేదాన్ని, స్ప్రే కొట్టి. గాలివాన వచ్చినా కదిలేది కాదు. కప్పు దించితే ఆ జుట్టు ఏమైపోవాలి? సీట్లో కూర్చుని, నా కళ్ళు ఎక్కడికి వస్తాయో అక్కడ చుక్క పెట్టా. 'ఈ కిటికీలో వేలెడు తగ్గించావంటే, పోయి ఆ కప్పునే పెళ్ళి చేసుకో' అన్నా. కొయ్యనని మాటిచ్చాడు. ఆ తరువాత ఎప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు."

"మరి ఈ టేపు?" అన్నాడు ఎలాడియో.

"నాకు డాష్‌బోర్డు తప్ప రోడ్డు కనిపించట్లేదని ఏదో మాటల్లో అన్నాను. నన్ను కూర్చోబెట్టి, ఇప్పుడు కళ్ళు ఎక్కడికి వస్తున్నాయో అక్కడ ఒక టేపు వేశాడు. పాత చుక్క మీద ఇంకోటి. తిన్నగా ఉండాలని అన్ని పిల్లర్లకీ వేశాడు, ఆయన చాదస్తం తెలుసుగా. ఆ తేడా ఎంతో అంత ఎత్తు సీటు కుట్టమని నీకు చెబుదామనుకున్నాడు ట్వైలా. ఈలోపలే పడ్డాడు."

అంటే మా నాన్న తన పెళ్ళాం ఎంత తగ్గిందో కొలిచాడు. మేము సరిగ్గా అంతే ఎత్తు కప్పు నుంచి కోసేశాం. వేరే ఊళ్ళో వేరే జనం ఆ టేపు చూసి ఉంటే, "ఇదేమిటి?" అని అడిగి ఉండేవాళ్ళు. మాకు అన్నీ తెలుసు కదా, మేము ఎందుకు అడుగుతాం!

ఎలాడియో టోపీ తీసి చేతిలో నలిపాడు. "ముక్కలన్నీ ఉన్నాయత్తా. మళ్ళీ అతికించేస్తా."

"అతికిస్తే ఆయన పట్టుకోలేడా?"

"మామ కళ్ళు మూసుకుని గోటితో పట్టేస్తాడు."

అమ్మ ఎర్ర చుక్కని ఒకసారి బొటనవేలితో తడిమింది. తరువాత ఆ ముక్కని సంచిలో పెట్టుకుని లేచింది. "అయితే మొదలుపెట్టింది కానియ్యండి. సగంలో ఆగిన పని చూస్తే ఆయనకి ఇంకా మంట. ఆయనకి నేను చెప్తాలే."

చెప్పలేదు. రోజూ వెళ్ళేది, రోజూ వచ్చేది. "చెప్పావా?" అంటే "ఇవాళ ఆయన మూడ్ బాగాలేదు" అనేది. రెండు వారాలు నేను నిద్రలో కూడా రంపం చప్పుడు విన్నాను. ఇచ్చిన మాట కోసం అరవై ఏళ్ళు కోరిక చంపుకున్న మనిషి, ఆ మాట సొంత కూతురే కోసేసిందని తెలిస్తే ఏమైపోతాడు? వాకర్ కూడా విసిరికొట్టి మంచమెక్కేస్తాడేమోనని నా భయం.

ఒక రోజు ఎలాడియో, నేనూ వెళ్ళేసరికి నాన్న పచ్చటి జెల్లీని చెంచాతో పొడుస్తున్నాడు.

"ట్వైలా, బండి కప్పు సంగతేంటి?" అన్నాడు.

నా చేతిలో కాఫీ ఒళ్ళో ఒలికింది. "ఏ... ఏ కప్పు నాన్నా?"

"ఏ కప్పేంటే? దుమ్ము పడకుండా కప్పే దుప్పటి. కప్పారా లేదా?"

"కప్పాం నాన్నా."

"కిందిదాకా కప్పారా?"

"మునుపటికంటే కిందికే ఉంది మామా" అన్నాడు మా ఆయన. చెయ్యి అందితే చెవి మెలిపెట్టేదాన్ని.

పని మాత్రం గొప్పగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లర్లు వాలుగా ఉంటాయి కాబట్టి కప్పు కిందికి దించగానే పైదీ కిందిదీ కలవవు. కొంచెం కొంచెం కోసి, వంచి, కలిపాడు. అతుకుల మీద సీసం కరిగించి, మైనం రాసిన చెక్కతో అద్దుతూ నున్న చేశాడు. పుట్టీ పూస్తే ఒక పూటలో అయిపోయేది. కానీ నాన్న పెళ్ళినాటికి ఆ పుట్టీ లేదట, అందుకని పుయ్యనన్నాడు. అద్దాలు కోయించాం. ఆ కూపేకి కప్పు మధ్యలో రేకుండదు, గుడ్డ ఉంటుంది. అది నేను కొత్తగా బిగించాను. అమ్మ కోసం మెత్త కూడా కుట్టాను. అమ్మ రోజూ వచ్చి దాని మీద కూర్చుని "ఇంకొంచెం ఎత్తు" అనేది.

"ఇంకా పెంచితే నీ తలకీ కప్పుకీ మధ్య జానెడే మిగులుతుందమ్మా."

"జానెడు చాలు."

నాన్న ఇంటికి వచ్చిన రోజు, కారు దిగుతూనే మంచం వైపు వెళ్దామన్నాను. వినలేదు. వాకర్ టకటకలాడించుకుంటూ షెడ్డు వైపు నడిచాడు. బండి ఇచ్చెయ్యమన్న మనిషి దాని దగ్గరికే మొదట వెళ్తున్నందుకు సంతోషించాలో, లోపల ఏముందో తలుచుకుని పారిపోవాలో నాకు తెలియలేదు. అమ్మ ఇంట్లోంచి బయటికే రాలేదు. పొద్దుటినుంచి తలుపేసుకుని కూర్చుంది. "నేను చెప్తాలే" అన్న మనిషి చివరికి మమ్మల్ని ముందుకి తోసిందని తిట్టుకున్నాను.

ఎలాడియో తలుపు తీశాడు. నాన్న గడప దగ్గరే ఆగిపోయాడు.

తరువాత మెల్లగా బండి చుట్టూ తిరిగాడు. కప్పు మీద చెయ్యి వేశాడు. అతుకు ఉండాల్సిన చోట గోటితో గీకాడు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి.

"అతుకేదిరా?"

"లేదు మామా."

"సీసమేనా?"

"సీసమే."

"హుఁ" అన్నాడు. మొహంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. ఆ క్షణం నాకు ఊపిరాడింది. అంతలోనే కుడి పక్క పిల్లరు దగ్గరికి వంగి, వేలితో తడుముతూ వెతికాడు.

"చుక్క ఏది?"

ఎలాడియో నా వైపు చూశాడు, నేను ఎలాడియో వైపు చూశాను.

"ఇక్కడ ఎర్ర చుక్క ఉండాలి. అది ఓలీటాది. దానికి నేను మాటిచ్చాను." నాన్న పెట్టె మీద కూలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత పని చేశారే! ఇది చూస్తే మీ అమ్మ ఏమంటుంది?"

"ముందు అడ్డు లెయ్యి, ఏమంటుందో చెప్తుంది" అంది అమ్మ వెనకనుంచి.

తిరిగి చూశాను. అమ్మ జుట్టు జానెడు ఎత్తు లేచి ఉంది. పొద్దుటినుంచి తలుపేసుకుని చేసిన పని అదన్న మాట! వెండి జుట్టుని పైకి దువ్వి, స్ప్రే కొట్టి, ఎర్ర రిబ్బను కట్టింది. చేతిగోళ్ళకి ఎర్ర రంగు. నాన్న పక్కనుంచి దర్జాగా వెళ్ళి, తలుపు తీసుకుని, మెత్త మీద కూర్చుంది. ఆ జుట్టు చివర కప్పు గుడ్డకి సరిగ్గా తగిలీ తగలనట్టు ఆనింది.

"చూడు ఆర్వెల్. ఆ రోజుల్లో ఎలా తగిలేదో అలాగే తగులుతోందా లేదా?"

నాన్న వాకర్ పట్టుకుని లేచి, బండి దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

అమ్మ సంచిలోంచి ఆ ఇనప ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. "నేను మూడంగుళాలు తగ్గాను. నీ బండీ అంతే తగ్గింది. ఇంక ఇద్దరికీ పేచీ ఏముంది?"

"నీకు కోపం లేదా?"

"కోపమా? ఆ జుట్టు ఫ్యాషను పెళ్ళైన కొన్నాళ్ళకే పోయింది. అప్పుడే ఒక్క మాట అడిగుంటే కోసుకోమనేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా!"

"మాటిచ్చినవాణ్ణి, ఎలా అడుగుతానే?"

"మాట తీసుకున్నదాన్ని, నేనెలా చెప్తాను?"

నాన్న ముందు గుర్రుమన్నాడు. తరువాత నవ్వు మొదలైంది. తుంటి నొప్పెట్టి "అమ్మా" అంటూ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎలాడియో గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు. నాకు రెండు వారాల నుంచి గుండె మీద ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఏడుస్తూ, నవ్వుతూ, కనిపించిన వాళ్ళనల్లా తిట్టాను.

"తాళం ఇలా ఇయ్యి" అన్నాడు నాన్న.

"డాక్టరు ఇంకా నడపొద్దన్నాడు నాన్నా."

"నడపనే. స్టార్ట్ చేసి వింటాను."

మూడు కార్బ్యురేటర్లూ ఒకేసారి గుక్క పట్టి, ఇంజను గుడగుడ మొదలుపెట్టింది. మర్నాటినుంచి వ్యాయామం చేయించే అమ్మాయి "ఇంక చాలు తాతా" అంటే, ఈయన "ఇంకోసారి, ఎడమ కాలు" అనేవాడట.

డాక్టరు సరేనన్న తరువాతి ఆదివారం, ఇద్దరూ నార్త్ చెస్టర్ రోడ్డు మీదున్న హోటల్‌కి పాన్‌కేకులు తినడానికి బయల్దేరారు. మేము మా పికప్‌లో వెనకే వెళ్ళాం, దారిలో ఏమైనా ఆగిపోతే తొయ్యడానికి. ఏమీ ఆగలేదు. నేలకి అతుక్కున్నట్టు, నల్లగా, కప్పు దించుకుని పోతోంది కూపే. ఫుట్‌పాత్ మీద ఒక ముసలాయన టోపీ తీసి ఊపాడు. క్లబ్బు వాడే అయుంటాడు.

పెద్ద కూడలిలో ఎర్ర లైటు పడింది, ఆగాం. పచ్చ పడింది. కూపే కదల్లేదు. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఎలాడియో మొహం తెల్లబోయింది. "క్లచ్చా? కాలు పట్టేసిందా?" అంటూ దిగబోయాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను. మళ్ళీ ఎర్ర పడింది. మళ్ళీ పచ్చ పడింది. అప్పుడు మెల్లగా, ఏమీ జరగనట్టు, కూపే ముందుకి కదిలింది.

హోటల్ దగ్గర నేను పరిగెత్తాను. "ఏమైంది నాన్నా? పచ్చ లైటుకి ఆగిపోయావేం? కాలు నొప్పా?"

"కాలు బ్రహ్మాండంగా ఉంది. నా ఎత్తుకి ఆ లైటు కనిపించి చావట్లేదే, కప్పు అడ్డం! మీ అమ్మ పొట్టి కదా, మెత్త మీద కూర్చున్నా దానికి కనిపిస్తోంది. పచ్చ పడిందా అని దాన్నే అడిగా. ఇంకా ఎర్రగానే ఉందంది."

అమ్మ వైపు తిరిగాను. అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకుంటోంది.

"పచ్చగా ఉందిగా అమ్మా! అంత సేపుంది. ఊరంతా హారన్లు కొట్టింది!"

"కొడితే కొట్టనీ" అంది అమ్మ. "అరవై ఏళ్ళకి మీ నాన్న ఇవాళ నన్నో మాట అడిగాడు. అడగ్గానే చెప్పేస్తానా?"